క్లచ్ పోయిందా, ఇంకేదైనానా? పాత పికప్‌కు నాలుగో జ్వరం నాడు చేసుకోవాల్సిన పరీక్షలు



ఈసారి పురుగు గురించి కాదు, పురుగుకు ఆకు మోసే బండి గురించి. కురుడుమలె, ముళబాగిలు చుట్టుపక్కల రేష్మె ఇళ్ళలో ఇప్పుడు ఎద్దులబండి స్థానంలో పాత పికప్ ఉంది. తోటనుంచి కొమ్మలు, దిబ్బనుంచి ఎరువు, చివరికి మార్కెట్‌కు గూళ్ళు, అన్నీ దానిమీదే. పదేళ్ళు దాటిన బండి ఎత్తులో కొంచెం మొరాయించిందంటే అందరి నోటా ఒకే మాట: "క్లచ్ పోయింటాది అన్నా, గేర్‌బాక్స్ దించాల్సిందే."

గేర్‌బాక్స్ దించితే కనీసం ఒక రోజు పోతుంది, కూలీ కూడా బరువవుతుంది. అంతా విప్పాక లోపం క్లచ్‌లో లేదు, డీజిల్ ఫిల్టర్‌లో ఉందని తెలిస్తే ఆ డబ్బు తిరిగిరాదు. అలాగని క్లచ్ నిజంగా అరిగిపోయి ఉంటే, "ఈ పంటకు నడిచిపోతుందిలే" అనుకుని గూళ్ళతో బయలుదేరినా నష్టమే. అందుకే విప్పకముందే, ఇంటి దగ్గరే, ఖర్చు లేకుండా లోపం ఎక్కడుందో చాలావరకు కనుక్కునే పద్ధతి చెప్పుకుందాం.

*ఎప్పుడు చూసుకోవాలి?*

నాలుగో జ్వరం రోజున. ఎందుకంటే జ్వరంలో ఉన్న పురుగు మేత తినదు. ఆ రోజు మీకూ, బండికీ కాస్త తీరిక. జ్వరం లేచాక మొదలయ్యేది ఐదో దశ. పంట మొత్తానికి కావాల్సిన ఆకులో 80 శాతం పైనే ఆ వారం రోజుల్లోనే పడుతుంది. తోట దూరంగా ఉన్నవాళ్ళకు రోజూ రెండు మూడు ట్రిప్పులు తప్పవు. ఆ వారంలో బండి నిలిచిపోతే పురుగు పస్తు, గూడు పలచన.

ఇంకో లెక్క కూడా ఉంది. జ్వరం లేచిన వారానికి పురుగు పండి చంద్రికె ఎక్కుతుంది. అక్కడినుంచి క్రాస్ బ్రీడ్ అయితే ఐదారు రోజులకు, బైవోల్టిన్ అయితే ఏడో రోజుకు గూళ్ళు విప్పుతాం. అంటే నాలుగో జ్వరం నాడు లోపం తెలిస్తే మార్కెట్ రోజుకు ఇంకా దాదాపు రెండు వారాల గడువు ఉంటుంది. బాగు చేయించుకోవచ్చు, లేదా ముందుగానే బాడుగ బండి మాట్లాడుకోవచ్చు. గూళ్ళు విప్పిన పొద్దున తెలిస్తే ఆ రెండూ కష్టమే. గూటిలో ప్యూపా బతికే ఉంటుంది. మూటల్లో బిగించి ఎండలో రోడ్డు పక్కన నిలబెడితే వేడికి, ఒత్తిడికి ప్యూపా చితికి లోపలినుంచి మరక పడుతుంది. మరక గూటికి రీలరు ధర పెట్టడు. అలాగని రోజుల తరబడి ఇంట్లో పెట్టుకుంటే చిలుక గూడు తొలుచుకుని బయటికి వస్తుంది.

*క్లచ్ చేసే పని*

ఇంజన్ వెనక ఫ్లైవీల్ తిరుగుతూ ఉంటుంది. దానికి ఆనుకుని క్లచ్ ప్లేట్, ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు గట్టిగా అదిమి పట్టేది ప్రెషర్ ప్లేట్. పెడల్ నొక్కితే రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి ప్రెషర్ ప్లేట్ పట్టు వదిలిస్తుంది. అప్పుడు ఇంజన్ తిరిగినా గేర్‌బాక్స్‌కు బలం అందదు, గేరు మార్చుకోవచ్చు. పెడల్ వదిలితే మళ్ళీ పట్టుకుంటుంది.

అంటే క్లచ్‌కు ఉన్నవి రెండే పనులు: పట్టుకోవడం, వదలడం. జబ్బులు కూడా ముఖ్యంగా రెండే. పట్టుకోవాల్సినప్పుడు జారడం ఒకటి, వదలాల్సినప్పుడు వదలకపోవడం ఇంకొకటి. ఈ రెంటికీ లక్షణాలు వేరు, కారణాలు వేరు, ఖర్చు కూడా వేరు. మెకానిక్ దగ్గర "క్లచ్ బాగలేదు" అని ఊరుకోకండి. "జారతా ఉంది" అనో, "వదలతా లేదు" అనో స్పష్టంగా చెప్పండి.

*ఫిర్యాదు 1: "బండి ఎత్తు ఎక్కతా లేదు"*

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. బండి లాగకపోవడానికి క్లచ్ ఒక్కటే కారణం కాదు. తేడా చెవితో పట్టుకోవచ్చు.

ఖాళీ రోడ్డు చూసుకోండి, కొంచెం ఎత్తు ఉంటే మరీ మంచిది. వెనక బండ్లు లేనప్పుడు టాప్ గేరులో 35–40 వేగంలో పోతూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. బండిలో సగం లోడు ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది.

ఇంజన్ గట్టిగా అరుస్తోంది కానీ వేగం దానికి తగ్గట్టు పెరగడం లేదంటే క్లచ్ జారుతోంది. అరుపూ పెరగలేదు, వేగమూ పెరగలేదంటే క్లచ్ జోలికి వెళ్ళకండి. ఇంజన్‌కే బలం తక్కువైంది, లేదా చక్రాలను ఏదో పట్టి ఆపుతోంది.

రెండో రకం అయితే ఈ మూడూ చూడండి. డీజిల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందా, టర్బో ఉన్న బండి అయితే గాలి గొట్టం ఎక్కడైనా చీలిందా? లాగకుండా నల్ల పొగ ఎక్కువగా కక్కుతుంటే ముందు గాలి వైపు చూడాలి. మూడోది బ్రేకు. ఐదారు కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపండి. ప్రతి చక్రం రిమ్ము దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళండి, ముట్టుకోవద్దు. ఒక చక్రం దగ్గర మాత్రం సెగ ఎక్కువగా తగిలితే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. ఇవన్నీ గేర్‌బాక్స్ దించకుండా అయ్యే పనులు.

నిలబెట్టి చేసే పరీక్ష ఒకటి చాలామందికి తెలుసు. చదును నేలమీద చక్రాలకు రాళ్ళు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఫుట్ బ్రేకు గట్టిగా తొక్కి, మూడో గేరు వేసి, యాక్సిలరేటర్ ఇవ్వకుండా క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ బాగా అరిగిపోయిందని అర్థం. బండి ముందూ వెనకా మనుషులు, పిల్లలు ఉండకూడదు. ఒక్కసారి చేస్తే చాలు, పదే పదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఇంజన్ ఆగిపోయినంత మాత్రాన క్లచ్ పూర్తిగా బాగున్నట్టు కాదు. కొంచెం జారే క్లచ్ ఈ పరీక్షలో దొరకదు. రోడ్డుమీద చేసే పరీక్షే నమ్మదగింది.

*జారుతోందని తేలితే*

వెంటనే ప్లేటు అనకండి. ముందు పెడల్ ఆట చూడండి. పెడల్‌ను చేతి వేళ్ళతో మెల్లగా నొక్కితే మొదట కొంచెం దూరం తేలిగ్గా దిగి, ఆ తర్వాత గట్టిగా తగలాలి. తేలిగ్గా దిగే ఆ దూరమే ఆట. బండిని బట్టి మారుతుంది, సరైన కొలత బండి పుస్తకంలో ఉంటుంది. కేబుల్ క్లచ్‌లో ఆట అసలు లేదంటే, మీరు కాలు పెట్టకపోయినా పెడల్ కొంచెం నొక్కి పట్టినట్టే. ప్లేటు పూర్తిగా అతుక్కోదు, జారుతుంది. కేబుల్ చివర నట్టు సరిచేస్తే కొన్ని బండ్లలో జారడం అక్కడితో ఆగిపోతుంది. కేబుల్ లోపల తుప్పుపట్టి పెడల్ పూర్తిగా వెనక్కి రాకపోయినా ఇదే లక్షణం. నట్టు సరిచేసేందుకు మరలు మిగలలేదు, ఇంకా జారుతోంది అంటే ప్లేటు ఆయుష్షు అయిపోయినట్టే.

తర్వాత బండి కింద చూడండి. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య గుండ్రటి డబ్బా అడుగున ఆయిల్ చుక్కలు ఉన్నాయా? ఉంటే ఇంజన్ వెనక సీలో, గేర్‌బాక్స్ ముందు సీలో కారుతోంది. ఆ ఆయిల్ ప్లేటుకు అంటితే కొత్త ప్లేటైనా జారుతుంది. సీల్ మార్చకుండా ప్లేటు మాత్రమే వేస్తే డబ్బు రెండుసార్లు పోతుంది.

ఎరువు లోడుతో రివర్స్‌లో షెడ్డు దగ్గరికి ఎక్కించినప్పుడు ఒక్కసారి కాలిన వాసన వస్తే భయపడనక్కర్లేదు, బండిని ఆపి చల్లారనివ్వండి. మామూలు రోడ్డుమీద కూడా తరచు ఆ వాసన వస్తుంటే జారుతున్నట్టే.

*ఫిర్యాదు 2: "గేరు పడతా లేదు, గరగరమంటోంది"*

ఇది క్లచ్ వదలకపోవడం. పరీక్ష సులభం. ముందు ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. ఇంజన్ ఆపినా గేరు గట్టిగానే ఉంటే లోపం గేరు రాడ్డులోనో, గేరు కేబుల్‌లోనో, గేర్‌బాక్స్‌లోనో ఉంది, క్లచ్‌ది కాదు. ఇంజన్ ఆపితే మెత్తగా పడి, స్టార్ట్ చేస్తే మొరాయిస్తోందంటే క్లచ్ వదలడం లేదు.

నిర్ధారణకు ఇంకొకటి: బండి నిలిచి ఉండగా, ఇంజన్ మామూలు వేగంలో నడుస్తుండగా పెడల్ పూర్తిగా తొక్కి పట్టి పది వరకు లెక్కపెట్టండి. అప్పుడు రివర్స్ వేయండి. శబ్దం లేకుండా పడితే క్లచ్ వదులుతోంది. పది లెక్కపెట్టాక కూడా గరగరలాడితే వదలడం లేదు.

ఇప్పుడు మీది కేబుల్ క్లచ్చా, ఆయిల్ క్లచ్చా చూసుకోండి. కేబుల్ అయితే ఆట మరీ ఎక్కువైందా, కేబుల్ పోగులు తెగుతున్నాయా అన్నవి చూడాలి. పోగులు రెండు మూడు తెగి కనిపించినా కేబుల్ మార్చేయండి, అది తెగేది ఎప్పుడూ దారి మధ్యలోనే.

ఆయిల్ క్లచ్ అయితే పెడల్‌ను ఐదారుసార్లు గబగబా తొక్కండి. అలా తొక్కాక గేరు పడుతోందా? అయితే లైన్‌లో గాలి చేరింది, లేదా మాస్టర్ సిలిండర్, కింద స్లేవ్ సిలిండర్‌లలో ఒకదాని రబ్బరు అరిగింది. ఆయిల్ బాటిల్‌లో మట్టం చూడండి. క్యాబిన్‌లో పెడల్ పైభాగాన తడి ఉందా, గేర్‌బాక్స్ పక్కన స్లేవ్ సిలిండర్ రబ్బరు టోపీ తడిగా ఉందా వేలితో చూడండి. ఈ సిలిండర్లు చాలా పాత బండ్లలో బయటే ఉంటాయి. గేర్‌బాక్స్ దించకుండానే కిట్టు మార్చి గాలి తీసేయవచ్చు.

బాటిల్ మూతమీద రాసిన రకం బ్రేకు ఆయిలే పోయాలి, డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది. ఇంట్లో ఉంది కదా అని ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బర్లు ఉబ్బి సిలిండర్లన్నీ పాడవుతాయి. కొన్ని బండ్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఒకే బాటిల్. అలాంటి బండిలో మట్టం తగ్గుతోందంటే క్లచ్ సంగతి తర్వాత, ముందు బ్రేకు చూపించండి.

ఇంకో కారణం మన రేష్మె ఇళ్ళలోనే ఎక్కువ కనిపించేది. పంటకూ పంటకూ మధ్య బండిని వానలో వారాల తరబడి కదపకుండా వదిలేస్తే ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది. నిన్నటిదాకా బాగున్న బండి ఉన్నట్టుండి ఒక్క గేరు కూడా తీసుకోకపోతే, పెడల్ మామూలుగానే ఉంటే, ఈ సంగతి మెకానిక్‌కు చెప్పండి. వారానికోసారైనా బండిని కొంచెం దూరం నడిపితే ఈ బాధ రాదు. షెడ్డు శుద్ధికి తెచ్చే బ్లీచింగ్ పౌడరు మూటలను క్యాబిన్‌లో, పెడళ్ళ దగ్గర పెట్టకండి. అది ఇనుమును తింటుంది, కేబుళ్ళను కూడా వదలదు.

*ఫిర్యాదు 3: శబ్దం, వణుకు*

ఇంజన్ నడుస్తుండగా న్యూట్రల్‌లో ఉంచి వినండి. పెడల్ తొక్కగానే కీచుమని మొదలై, వదలగానే ఆగితే రిలీజ్ బేరింగ్ మీద అనుమానం. పెడల్ వదిలి ఉన్నప్పుడు గుర్రుమంటూ, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ముందు షాఫ్టు బేరింగ్ వైపు చూడాలి. మొదటిది క్లచ్ సెట్‌తో పాటే మారుతుంది. రెండోదానికి క్లచ్ సెట్ మార్చినా శబ్దం పోదు.

బండి కదిలేటప్పుడు గడగడ వణికితే ప్లేటుకు ఆయిల్ అంటి ఉండొచ్చు, ఫ్లైవీల్ మాడి ఉండొచ్చు. అయితే ముందు ఇంజన్, గేర్‌బాక్స్ కింద రబ్బరు మౌంటింగులు చూడండి. అవి తెగినా ఇలాగే వణుకుతుంది. కదలగానే టక్కుమని ఒక్క దెబ్బ వినిపిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లను చేత్తో ఆడించి చూడండి. బండి కిందికి దూరే ముందు ఇంజన్ ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టడం మరవద్దు.

*గూళ్ళ లోడుతో పోవచ్చా, వద్దా?*

ఇదే అసలు ప్రశ్న. ఒక సంగతి గమనించండి: బండికి గూళ్ళ లోడు తేలిక. వంద గుడ్లకు 70–80 కిలోల గూళ్ళు వచ్చాయనుకున్నా, 300 గుడ్ల పంట కూడా పావు టన్నుకు అటూ ఇటూ. క్లచ్‌ను తినేది పశువుల ఎరువు లోడు, పచ్చి కొమ్మల లోడు, తోట గట్టుమీదికి ఎక్కించేటప్పుడు వాడే హాఫ్ క్లచ్. కాబట్టి ఎరువు లోడుతో జారుతున్న బండి గూళ్ళతో జారకపోవచ్చు. దాన్ని బట్టి ఇలా నిర్ణయించుకోండి.

బరువు లోడుతో, పెద్ద ఎత్తులో మాత్రమే జారుతోంది, వాసన లేదు: ఎరువు తోలడం ఆపేయండి. ఆకు చిన్న చిన్న లోడులుగా తెచ్చుకోండి. గూళ్ళతో కోలారు దాకా జాగ్రత్తగా పోవచ్చు. పంట అయిపోగానే పని చేయించండి.

ఖాళీ బండి కూడా చదును రోడ్డుమీద జారుతోంది, లేదా కాలిన వాసన ఆగడం లేదు: గూళ్ళు ఎక్కించకండి, బాడుగ బండి మాట్లాడండి. ముఖ్యంగా బెంగళూరు దాటి రామనగరకు పోవాలంటే ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోవాలి. అరిగిన క్లచ్‌కు అంతకంటే కష్టం లేదు. శ్రీనివాసపురం, చింతామణి మీదుగా శిడ్లఘట్టకు పోయేవాళ్ళు కూడా వేలం వేళకు చేరాలంటే బాగున్న బండే కావాలి.

క్లచ్ ఆయిల్ కారుతోంది, పెడల్ ఒక్కోసారి నేలదాకా పోతోంది: దూరం ఎంత తక్కువైనా బయలుదేరవద్దు. పెడల్ చచ్చిపోతే హైవేమీద బండిని ఆపడం, కదపడం రెండూ ప్రమాదమే.

దారిలోనే బండి ఆగిపోతే ముందు గూళ్ళను కాపాడండి. మూటలు నీడకు దించి, ఒకదానిమీద ఒకటి పేర్చకుండా, మూతులు వదులు చేసి గాలి తగలనివ్వండి. వేరే బండి వచ్చాక ఎక్కించండి. మెకానిక్ పని ఆ తర్వాత.

*మెకానిక్ దగ్గర*

ఏ గేరులో, ఎంత లోడులో, వేడెక్కాకనా ముందేనా అన్నది చెప్పండి. "ఏం చూసి క్లచ్ అంటున్నావన్నా?" అని మర్యాదగా అడగండి. పని తెలిసిన మెకానిక్ మీతోపాటు కూర్చుని బండి నడిపి చూపిస్తాడు. గేర్‌బాక్స్ దించక తప్పకపోతే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్చడం మేలు. ఒకటి పాతది వదిలేస్తే మళ్ళీ అదే కూలీ. ఫ్లైవీల్ మీద మాడిన మచ్చలు, పగుళ్ళు, రెండు వైపుల ఆయిల్ సీళ్ళు, పైలట్ బేరింగ్ కూడా అప్పుడే చూపించమనండి. తీసిన పాత ప్లేటు అడిగి చూడండి. రివెట్ల దాకా అరిగితే అది నిజంగా అయిపోయిన ప్లేటు. ఆయిల్‌తో తడిసి ఉంటే సీల్ సంగతి అడగండి. పాత ప్లేటు దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఊదకండి, గాలి కొట్టించకండి, పక్కన పిల్లల్ని ఉంచకండి.

పని అయ్యాక ఆకు ఎక్కించే ముందు బండి తొట్టిని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి. డీజిల్, బ్రేకు ఆయిల్ అంటిన చేతులతో, అంటిన తొట్టిలో ఆకు ముట్టకూడదు.

*ప్లేటు ఎక్కువ కాలం రావాలంటే*

నడిపేటప్పుడు పెడల్ మీద కాలు ఆనించి పెట్టకండి. ఎత్తులో బండిని హాఫ్ క్లచ్‌తో నిలబెట్టకుండా హ్యాండ్ బ్రేకుతో ఆపండి. షెడ్డు దగ్గర రివర్స్ ఎక్కించే చోట గుంటలు, రాళ్ళు సరిచేసుకుంటే ప్రతి లోడుకూ క్లచ్‌కు శ్రమ తగ్గుతుంది.

కురుడుమలె వినాయకుడికి టెంకాయ కొట్టి బండి తీయడం మన అలవాటు. అలాగే పంటకోసారి, నాలుగో జ్వరం నాడు ఒక అరగంట బండికి ఇవ్వండి: పెడల్ ఆట, కేబుల్ లేదా ఆయిల్ మట్టం, పది లెక్కపెట్టి రివర్స్, ఎత్తులో ఒకసారి పూర్తి యాక్సిలరేటర్. ఇంట్లో బండి నడిపేది మీరు కాకపోతే ఈ మెసేజ్ నడిపేవాళ్ళకు పంపండి.